అపవాదా, అపఖ్యాతా, చెడ్డపేరా? నోటీసులో ఏది రాయాలి

లిఫ్టు_రిపేరు (సీతమ్మధార)

అందరికీ నమస్కారం. తెలుగు బాగా తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. చిన్న విషయమే కానీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవైపోయింది. మాది విశాఖలో సీతమ్మధార వైపు ఐదంతస్తుల పాత బిల్డింగు, ఈ ఏడాది అసోసియేషన్ సెక్రటరీ పని నా నెత్తిన పడింది. పై ఫ్లోర్లో బ్యాచిలర్ కుర్రాళ్లున్నారు. శనివారం వచ్చిందంటే టెర్రస్ మీద స్పీకరు, పార్టీ, తెల్లారేసరికి ఖాళీ సీసాలు పక్క సందులో, బైకులు ఎదురింటి గేటుకి అడ్డంగా... చెప్పక్కర్లేదు, మీ దగ్గరా ఉండే ఉంటారు. ఇప్పుడు చుట్టుపక్కల మా బిల్డింగు పేరు చెబితే "ఓ, అదా" అని ఒక రకంగా సాగదీస్తున్నారు. ఫ్లాటు అద్దెకి చూద్దామని వచ్చిన ఒక కుటుంబం, కింద టిఫిన్ బండి దగ్గర వాకబు చేసి, పైకి రాకుండా అటునుంచటే వెళ్లిపోయారు.

సరే అని ఒక నోటీసు రాసి గ్రూపులో పెట్టాను: "కొందరి ప్రవర్తన వల్ల మన అపార్ట్‌మెంట్‌కు అపవాదు వస్తున్నది. కావున ఇకపై రాత్రి పది దాటిన తర్వాత టెర్రస్‌కు తాళం వేయబడును." ప్రింటు తీసి అంటించేలోపే రెండో ఫ్లోర్లో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, అపవాదు అంటే లేనిపోని నింద. వాళ్లేమీ చెయ్యలేదు, లోకమే ఊరికే అంటోందని నువ్వే సర్టిఫికెట్ ఇస్తున్నావు. అపఖ్యాతి అని రాయి" అన్నారు. అపఖ్యాతి అంటే మా ఆవిడ "అంత పెద్ద మాట ఎందుకు, మనమేమైనా బ్యాంకు దోచామా" అంటోంది. ట్రెజరర్ గారు అప్రతిష్ఠ అయితే హుందాగా ఉంటుందంటారు. ఆ టెర్రస్ కుర్రాళ్లలో ఒకడు మాత్రం "అంకుల్, అపవాదే కరెక్ట్, అదే ఉంచేయండి" అని నవ్వు బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ చూశాక మాస్టారు చెప్పింది నిజమేనేమో అనిపిస్తోంది.

ఈ మాటలకి నిజంగా అంత తేడా ఉందా, లేక అన్నీ ఒకటేనా? నోటీసులో ఏది రాస్తే బాగుంటుంది?

కెరటం77

చెడ్డపేరు అని రాసెయ్యండి గురూ. వాచ్‌మన్‌కీ, ఆ కుర్రాళ్లకీ, మీ మాస్టారికీ అందరికీ అర్థమయ్యే మాట అదొక్కటే. అప అప అని ఎందుకు మనకీ తిప్పలు.

ప్రూఫుల పంతులు

కెరటం గారు ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ అడిగినాయన తేడా ఉందా అని కూడా అడిగారు కదా. ఉంది. పత్రికలో డెస్కు మీద చాలా కాలం కూర్చున్నవాణ్ణి, అక్కడ ఈ మాటల దగ్గరే పేచీలెక్కువ. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

అపకీర్తి, అపఖ్యాతి ఒక గూటి పక్షులు. జనంలో పేరు చెడింది అన్న ఫలితాన్ని చెప్పి ఊరుకుంటాయి. న్యాయంగా చెడిందా, అన్యాయంగా చెడిందా అన్నది ఆ మాటలో లేదు. కానీ వాటి పక్కన మనం వాడే క్రియలు చూడండి. అపకీర్తి మూటగట్టుకున్నాడు, అపఖ్యాతి తెచ్చుకున్నాడు, కొనితెచ్చుకున్నాడు. మూట కట్టినవాడూ మోస్తున్నవాడూ ఒకడే. అందుకే ఆ మాట వినగానే చేసుకున్నవాడికి చేసుకున్నంత అనిపిస్తుంది. క్రికెట్ వార్తల్లో కూడా బ్యాటర్ వరసగా సున్నాకి అవుటైతే "చెత్త రికార్డు మూటగట్టుకున్నాడు" అని రాసేస్తాం, అదీ ఈ అలవాటులోంచి వచ్చిందే.

అపవాదు దారి వేరు. అందులో ఉన్నది వాదం, అంటే మాట, ఎవరో అన్నది. అన్నవాడు ఒకడు, పడినవాడు ఇంకొకడు. అందుకే అపవాదు వేస్తారు, మోపుతారు, అంటగడతారు, అవతలివాడు పాపం మోస్తాడు. రాముడు సీతను అడవికి పంపింది లోకాపవాదానికి వెరచి అని చెప్పుకుంటాం. అక్కడ అపవాదం అన్నప్పుడే సీతలో తప్పు లేదన్నది మనకి తెలుసు, తప్పంతా లోకం నోటిది. మీ మాస్టారికి చెవిలో మోగింది ఇదే.

నింద అంటే ఇంకా సూటి. నీలాపనింద దాకా వస్తే ఇక అనుమానం అక్కర్లేదు, పచ్చి అబద్ధమే. వినాయక చవితి నాడు అక్షింతలు గుప్పిట్లో పెట్టుకుని వినే శమంతకమణి కథ అదే కదా. చవితి చంద్రుణ్ణి పాలలో చూసినందుకు కృష్ణుడి మీద ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడన్న నింద పడింది, జాంబవంతుడి గుహ దాకా వెళ్లి, పోరాడి, మణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెడితే గానీ అది పోలేదు. మీ కుర్రాళ్లు సందులోకి వెళ్లి సీసాలు ఏరి తెచ్చి మీ చేతిలో పెట్టే రకంలా కనిపించడం లేదు కాబట్టి మీ నోటీసుకి ఈ మాట పనికిరాదు.

అప్రతిష్ఠ గురించి. ముందు ప్రతిష్ఠ ఉండాలి, తర్వాత అది పోవాలి. గుడికి, విశ్వవిద్యాలయానికి, ప్రభుత్వానికి, పెద్దమనిషికి బాగా నప్పుతుంది. ఐదంతస్తుల పాత బిల్డింగుకి అంటే ట్రెజరర్ గారికి కోపం వస్తుందేమో గానీ కొంచెం ఎక్కువే. వాడితే మాత్రం ఠ రాయండి, ట కాదు. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు అప్రదిష్ట అనేవారు, నోటితో అంటే అందంగానే ఉంటుంది, కాగితం మీద బాగోదు.

ఇక మీ ఇంట్లోంచి వచ్చిన అభ్యంతరం కూడా తీసిపారేసేది కాదు. అపకీర్తి నిజంగా బరువైన మాట. గీత రెండో అధ్యాయంలో 34వ శ్లోకం చూడండి, గౌరవం పొందినవాడికి అకీర్తి మరణం కంటే ఎక్కువని కృష్ణుడు అర్జునుడితో అంటాడు. యుద్ధభూమిలో అనాల్సిన మాట తెచ్చి బైకు పార్కింగు మీద పెడితే చదివేవాళ్లు నవ్వుతారు.

వాల్తేరు_పాతకాపు

పంతులు గారూ, మీరు చెప్పినదంతా బాగుంది కానీ అపవాదు అంటే అబద్ధమే అన్నట్టు తేల్చడం నేను ఒప్పుకోను. "ఆయన పిసినారి అన్న అపవాదు ఉంది" అంటాం. అంటే ఆయన పిసినారి కాదనా అర్థం? మా పెదనాన్నకి ఆ అపవాదు జీవితాంతం ఉండేది, ఆయన నిఖార్సైన పిసినారి, పూర్ణా మార్కెట్లో కొత్తిమీర కట్ట దగ్గర ఆయన చేసే బేరం చూడ్డానికి పక్క కొట్టువాళ్లు వచ్చి నిలబడేవారు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో కూడా అపవాదాన్ని నింద, గర్హణ లాంటి మాటల మధ్య కలిపే పెట్టారు, అబద్ధమా నిజమా అన్న షరతు అక్కడేమీ లేదు.

ఇంకో ఉదాహరణ మన ఊరిదే. ఏ సభలో చూసినా "విశాఖకు కాలుష్య నగరమన్న అపవాదు ఉంది" అంటారు. ఆ అపవాదు అబద్ధమా? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమంతా పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగట్టి 43 చోట్లను తీవ్ర కాలుష్య ప్రాంతాలని తేల్చితే అందులో విశాఖ ఉంది. వన్ టౌన్ వైపు డాబా మీద ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి ఏ రంగులో ఉంటాయో అక్కడివాళ్లని అడగండి. నిజాన్ని కూడా అపవాదు అంటున్నాం కదా మరి.

ప్రూఫుల పంతులు

పాతకాపు గారూ, మంచి ఉదాహరణ తెచ్చారు, నాకే పనికొచ్చేది. ఆ సభల్లో ఆ మాట ఎవరు వాడతారో గమనించారా? మాట్లాడేది ఆ ఊరి నాయకుడో అధికారో అయి ఉంటాడు. "ఆ అపవాదును తొలగిస్తాం" అంటాడు. కాలుష్యాన్ని తొలగిస్తాం అనడం కష్టం, అపవాదును తొలగిస్తాం అనడం తేలిక. నల్లదుమ్ము తుడుచుకునే ఇల్లాలు అపవాదు అనదు, దుమ్మనే అంటుంది. అపవాదు అన్నవాడు మనవైపే ఉన్నాడన్నమాట, ఆ నిజాన్ని కాస్త మెత్తబరిచి చెబుతున్నాడు. మీ పెదనాన్నగారి విషయంలోనూ అంతే, ఇంటివాళ్లు కాబట్టి అపవాదు అన్నారు, కొత్తిమీర అమ్మినామె ఏమనేదో మీకు తెలియంది కాదు.

అదే విశాఖ కేంద్రం ఇచ్చే పరిశుభ్రత ర్యాంకుల్లో, అదే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో, 2016లో ఐదో స్థానంలోనూ 2017లో మూడో స్థానంలోనూ వచ్చినప్పుడు పరిశుభ్ర నగరమన్న "పేరు వచ్చింది" అన్నాం, ఎవరో అంటున్నారు అనలేదు. మంచి మనదైనట్టు, చెడు ఎవరో అన్నట్టు. డెస్కులో మాకు దీనితోనే తంటా. రిపోర్టరు ఫలానా కాంట్రాక్టరు "అపవాదు ఎదుర్కొంటున్నారు" అని పంపేవాడు, దాన్ని కొట్టేసి "ఆరోపణలు ఎదుర్కొంటున్నారు" అని మార్చేవాళ్లం. ఆరోపణ అంటే ఎటూ మొగ్గదు, ఎవరో అన్నారు, ఇంకా తేలలేదు. పోలీసులూ కోర్టూ దాకా వెళ్తే అభియోగం. పార్లమెంటులో న్యాయమూర్తి మీద అయితే అభిశంసన. ఒక్క తప్పు పట్టడానికి ఎన్ని మెట్లో చూడండి.

రుషికొండ_భాయ్

నాది హైదరాబాద్, ఉద్యోగం కోసం రుషికొండ వచ్చిన. ఇదంతా ఎందుకన్నా పరేషాన్, మా దిక్కు ఒకటే మాట, బద్నాం. "మన అపార్ట్‌మెంట్ బద్నాం అయితున్నది" అని రాయి, ఖతం. నిజంగ చేసినోడు బద్నాం అయితడు, చెయ్యనోణ్ణి బద్నాం చేస్తరు, రెండిటికీ పనికొస్తది. బద్ అంటే చెడ్డ, నామ్ అంటే పేరు, అంటే కెరటం అన్న చెప్పిన చెడ్డపేరే ఉర్దూల. ఇజ్జత్ పోయింది అని కూడా అంటం కానీ అది మనుషులకి, బిల్డింగుకి ఇజ్జత్ ఏందని అడుగుతరు.

లిఫ్టు_రిపేరు (సీతమ్మధార)

అందరికీ థాంక్స్, ఇంత లోతు ఉందనుకోలేదు. భాయ్ గారూ, బద్నాం నాకూ నచ్చింది కానీ సీతమ్మధారలో నోటీసు మీద అలా రాస్తే సెక్రటరీ ఎక్కడివాడని అడుగుతారు.

ఈలోపు ఇంకో తమాషా జరిగింది. నాలుగో ఫ్లోర్లో ఒక నేవీ కుటుంబం ఉంది, ఉత్తరాది వాళ్లు, తెలుగు రాదు. వాళ్లబ్బాయి నా నోటీసుని ఎవరిచేతో చదివించుకున్నాడు, మిగతాది తెలియక అపవాదు దగ్గర మాత్రం తనకొచ్చిన హిందీ అర్థం పెట్టుకున్నాడు. సాయంత్రం వాళ్ల నాన్న మెట్ల మీద కనిపించి చాలా సంతోషంగా "సెక్రటరీ సాబ్, మన బిల్డింగుకి ఏదో మినహాయింపు వచ్చిందట, ప్రాపర్టీ ట్యాక్స్‌లోనా?" అని అడిగారు. జీవీఎంసీ (మా నగరపాలక సంస్థ) మనకి మినహాయింపు ఇచ్చే రోజు కూడా వస్తుందా అని నవ్వుకున్నాను గానీ, అసలు అపవాదుకి మినహాయింపు అన్న అర్థం ఎలా వచ్చింది?

ఇచ్ఛాపురం_పాసింజర్

దీనికి నేను చెబుతాను, రెండు భాషల సరిహద్దులో పెరిగిన మాకు ఇలాంటివి చిన్నప్పట్నుంచీ అలవాటే. హిందీలో, మరాఠీలో అపవాద్ అంటే మామూలుగా మినహాయింపే. ఇది సంస్కృత వ్యాకరణంలోంచి వచ్చింది. అక్కడ అందరికీ వర్తించే సామాన్య సూత్రాన్ని ఉత్సర్గం అంటారు, దాన్ని ఒకచోట ఆపి పక్కకి తప్పించే సూత్రాన్ని అపవాదం అంటారు. మన పాతకాలం పండితులు కూడా తెలుగులో "దీనికి అపవాదాలు లేకపోలేదు" అని రాసేవారు, ఇప్పుడు ఎవరూ రాయరు, రాస్తే ఎవరి మీద నింద అని వెతుక్కుంటాం. కన్నడంలో రెండర్థాలూ బతికే ఉన్నాయి, సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. ఒడియాలో, బెంగాలీలో మళ్లీ మనలాగే నిందే.

చెడ్డపేరుకి మాత్రం ఒడియాలో బెంగాలీలో ఇంకో చక్కటి మాట ఉంది, దుర్నామ్. మా వైపు బరంపురం బంధువులు మాటకి ముందు దుర్నామ్ అంటారు. ఎంత సొంపైన మాట, తెలుగులోకి ఎందుకు రాలేదా అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, ఆయుర్వేదంలో దుర్నామం అంటే మొలల వ్యాధి. పేరెత్తడానికే ఇబ్బంది కాబట్టి ఆ పేరు పెట్టారేమో మరి. "మన అపార్ట్‌మెంట్‌కు దుర్నామం వచ్చింది" అని రాశారనుకోండి, ఏ వైద్యుడో చదివితే మందు కూడా రాసిస్తాడు.

కెరటం77

హహహ. నోటీసు కింద త్రిఫల చూర్ణం డోసు కూడా వేయండి గురూ.

ఇంకో డౌటు. ఇంగ్లీషులో నొటోరియస్ అంటారే, దానికి తెలుగులో ఒక్క మాట లేదా? ప్రసిద్ధ దొంగ అంటే అవార్డు ఇస్తున్నట్టుంది.

ప్రూఫుల పంతులు

పేరుమోసిన. మోసింది మంచిపేరా చెడ్డపేరా అన్నది పక్కనున్న మాట చెబుతుంది, పేరుమోసిన డాక్టరు, పేరుమోసిన దొంగ. డెస్కులో చేయి తిరిగినవాళ్లు ఘరానా దొంగ అనేవారు. ఘరానా అంటే పెద్ద ఇల్లు, గొప్ప వంశం, ఆ గొప్పతనం చివరికి దొంగలకీ మోసాలకీ దక్కింది. కరుడుగట్టిన అన్నది నేరస్తుడికే సరిపోతుంది, పేరుతో దానికి సంబంధం లేదు. కుఖ్యాత అని ఈమధ్య టీవీల్లో వినిపిస్తోంది, హిందీ స్క్రిప్టు పక్కన పెట్టుకుని రాసినట్టు ఉంటుంది నాకు.

అలాగే అభాసుపాలు. ఆభాస అంటే ఉన్నట్టు కనిపించేది, నిజానికి లేనిది. రసాభాసలో ఉన్నది అదే. కాబట్టి అభాసుపాలయ్యాడు అంటే ఉన్నవాడిలా పోజు పెట్టి దొరికిపోయాడు, నవ్వులపాలయ్యాడు అన్న ఛాయ ఉంటుంది. చెడ్డపేరు ఏళ్లు నిలుస్తుంది, అభాసు ఒక పూటతో పోవచ్చు. సీసాల కేసులో అది కూడా కుదరదు.

భీమిలి_అమ్మడు

మగవాళ్లంతా కలిసి నిఘంటువు తిరగేస్తున్నారు, బాగుంది, కానీ ఇక్కడ ఎవరూ చెప్పని మాటలు కొన్ని ఉన్నాయి, అవి ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడతాయి కాబట్టి మీకు తట్టలేదేమో. "మాట పడటం", "మాట రావడం", "నలుగురి నోళ్లలో పడటం". మా అమ్మమ్మ అపఖ్యాతి అన్న మాట జన్మలో అని ఉండదు. "ఊరంతా అల్లరైపోనాది" అనేది. మా వైపు అల్లరి అంటే పిల్లల అల్లరి ఒక్కటే కాదు, పరువు బజార్న పడటం. ఎవరు చేశారు, నిజమా కాదా అన్న ప్రశ్న ఆ మాటలో లేనే లేదు, అల్లరైపోయింది, అంతే, ఇక ఆ పిల్ల తల దించుకుని ఉండాల్సిందే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మాకు సామెత చెప్పి సాయంత్రం ఆరింటికి ఇంటికి రమ్మనేవారు. అన్నవాడి నోరు మూయించేవాళ్లు ఉండరు గానీ.

నేను మద్దిలపాలెంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాను. "ఆ హాస్టల్ అమ్మాయిలా" అని సందు చివర కొట్టువాడు కూడా అనేవాడు. మేం చేసిందల్లా రాత్రి తొమ్మిదింటికి మ్యాగీ కొనుక్కోవడం. అందుకని నాకు మీ నోటీసులో అపవాదు కన్నా ఇబ్బందిగా ఉన్న మాట "కొందరి". కొందరి అంటే ఎవరో బిల్డింగులో అందరికీ తెలుసు, అద్దెకున్న బ్యాచిలర్లు. సెక్రటరీ గారూ, నిజం చెప్పండి, ఆ టెర్రస్ మీద ఓనర్ల ఇళ్ల ఫంక్షన్లు జరగవా? డీజే పెట్టరా?

నల్లకోటు

అమ్మడు గారు అడిగింది న్యాయంగా కూడా సరైన ప్రశ్నే. సెక్రటరీ గారూ, మాట ఏది వాడినా మనుషుల్ని, ఫ్లాటు నంబర్లని వేలు పెట్టి చూపించకండి. పరువునష్టం సివిల్‌గా దావా వేయొచ్చు, క్రిమినల్‌గా కేసూ అవుతుంది. ఇదివరకు ఐపీసీలో, అంటే పాత శిక్షాస్మృతిలో, 499, 500 సెక్షన్లు ఉండేవి, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కొత్త చట్టంలో సమాజసేవ కూడా చేర్చారు. ఈ క్రిమినల్ సెక్షన్ ఉండకూడదని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2016లో కోర్టు చెల్లుతుందనే చెప్పింది.

చాలామంది అనుకునేది "నేను రాసింది నిజమే కదా, ఇక భయమేంటి" అని. క్రిమినల్ కేసులో నిజమైతే చాలదు, అది బయటపెట్టడం ప్రజల మేలు కోసం అయి ఉండాలి, అప్పుడే ఆ మినహాయింపు దొరుకుతుంది. (ఇదీ నిజంగా మినహాయింపే, హిందీవాళ్ల లెక్కలో అపవాద్.) మీ నోటీసు మీద ఎవరూ కోర్టుకి రారు, భయపెట్టడం లేదు, కానీ లిఫ్టు దగ్గర అంటించిన కాగితం ఫోటో తీసి నాలుగు గ్రూపుల్లో తిప్పడం ఎంతసేపు.

మీరు పేరు చెడిందన్న గోల పక్కన పెట్టి నియమం మీద నిలబడితే మంచిది. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. టెర్రస్ ఆరుబయటే. అది అద్దెవాడికీ ఓనరుకీ ఒకటే.

లిఫ్టు_రిపేరు (సీతమ్మధార)

అమ్మడు గారూ, దాచడానికి ఏముంది, జరుగుతాయి. మొన్న వేసవిలో ట్రెజరర్ గారి మనవరాలి ఓణీల ఫంక్షన్ టెర్రస్ మీదే అయింది, డీజే పన్నెండు దాకా మోగింది, ఎవరూ నోటీసు పెట్టమనలేదు. ట్రెజరర్ గారికి అప్రతిష్ఠ అన్న మాట ఎందుకు నచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

మార్చి రాశాను, చూడండి:

"అపార్ట్‌మెంట్ వాసులందరికీ మనవి. రాత్రి పది తర్వాత టెర్రస్ మీద స్పీకర్లు, డీజే పెట్టకూడదు. ఓనర్లకైనా అద్దెకున్నవారికైనా ఇదే నియమం. సీసాలు, చెత్త పక్క సందులో వేయకండి. బైకులు ఎదురింటి గేటుకు అడ్డంగా పెట్టకండి. ఇప్పటికే వీటివల్ల మన బిల్డింగుకు చుట్టుపక్కల చెడ్డపేరు వచ్చింది. పది దాటాక టెర్రస్‌కు తాళం వేయబడును. సెక్రటరీ."

వాల్తేరు_పాతకాపు

బాగుంది. "వచ్చింది" అన్నారు, "వస్తోంది" అనలేదు, అది ఇంకా బాగుంది. వస్తోంది అంటే ఇంకా టైముంది కదా అనుకుంటారు.

రుషికొండ_భాయ్

బద్నాం పెట్టకపోతివి అన్నా. సరే మంచిగుంది. నేవీ వాళ్లకి హిందీల రాసేటప్పుడన్న పెట్టు, వాళ్లకి మస్తు అర్థమైతది.

లిఫ్టు_రిపేరు (సీతమ్మధార)

అదే చేస్తాను భాయ్. హిందీ కాపీ మీరే రాసి పెడితే ఇంకా మంచిది, నా హిందీకి వాళ్లు మళ్లీ ట్యాక్స్ తగ్గిందనుకుంటారు.

ప్రూఫుల పంతులు

అంతా బాగుంది, ఒక్కటి మిగిలింది. "వేయబడును" తీసేయండి. ఎవరు వేస్తారు? మీరో వాచ్‌మనో. "వాచ్‌మన్ తాళం వేస్తాడు" అని రాయండి, లేకపోతే పదింటికి తాళం ఎవరి దగ్గరుందని మళ్లీ గ్రూపులో మొదలవుతుంది.